ఆ పేరు పిల్ల మా గల్లీల లేదు

గోదావరిఖని,
12-9-1998, శనివారం.

చిరంజీవి చెల్లె సారలమ్మకు,

అన్న మొగిలి దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు అని మొదలుపెట్టాలని బడిలో పంతులు నేర్పాడు. ఆయన మాట కాదనలేక రాశాను గానీ, ఇక్కడ క్షేమం లేదు. కన్నపేగు కదా, అవ్వ గురువారం నుంచి అన్నం ముట్టలేదు. నాకు మోటార్ సైకిల్ చప్పుడు వినబడితే చాలు, తలుపు గడియ పెట్టుకుంటున్నాను. నువ్వెలా ఉన్నావో అసలు ఉన్నచోట ఉన్నావో లేదో తెలియదు. నెల దాటింది నీ దగ్గర నుంచి ఒక్క కార్డు ముక్క లేదు.

ముందుగా చెప్పాల్సింది చెప్పేస్తాను. ఇంటికి రావద్దు. బతుకమ్మకు వస్తానని పోయినసారి మాట ఇచ్చావు కదా, ఆ ఆలోచన మానుకో. జహంగీర్ చాచా షాపు ఫోనుకు ఫోను చేయకు. ఉత్తరం రాస్తే కవరు వెనక నీ పేరు రాయకు. ఇది చదవగానే కాల్చెయ్యి. చింపితే సరిపోదు, కాల్చు. పోస్టులో వేయడానికి నాకు ధైర్యం చాలలేదు. చాచా బామ్మర్ది ముష్తాక్ రేపు సాయంత్రం లారీతో హైదరాబాదు వస్తున్నాడు, అతని చేతికిస్తున్నాను. అతను నీ హాస్టల్ గేటు దగ్గర నీ చేతికే ఇస్తాడు.

ఇప్పుడు జరిగింది చెబుతాను. గురువారం నేను మొదటి షిఫ్టు చేసి, బొగ్గు బాయి పైకొచ్చి, ల్యాంపు అప్పజెప్పి సైకిల్ మీద ఇంటికి వస్తున్నాను. గల్లీ మలుపు దగ్గర జహంగీర్ చాచా స్కూటర్ ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే ఎదురొచ్చి హ్యాండిల్ పట్టుకుని షాపు లోపలికి లాక్కుపోయాడు. చేతి నిండా గ్రీజు, నా అంగీకి అంటిందని కూడా చూసుకోలేదు. మొగిలీ, పోలీసోళ్ళు వచ్చి పోయిండ్రు, మీ చెల్లెను అడిగిండ్రు అన్నాడు.

ఇద్దరొచ్చారట. ఒకడు డ్రెస్సులో, ఒకడు మామూలు బట్టల్లో, చంకలో ఫైలు. ఫైలు తీసి, కాలం చేసిన మన బాపు పేరు కూడా చదివి, ఆగయ్య బిడ్డ సారలమ్మ, హైదరాబాదుల కంప్యూటర్ చదువుతున్నది, నీకు ఎరికేనా అని అడిగారట. చాచా ఏం చెబుతాడు? మన గల్లీలో ఎవరైనా ఏం చెబుతారో అదే చెప్పాడు. మేరేకు నై మాలూం సాబ్, ఆ పేరు పిల్ల మా గల్లీల లేదు అన్నాడు. సరిగ్గా చూసి చెప్పు, నువ్వు జహంగీరువే కదా అని మళ్ళీ అడిగారట. జహంగీరునే, పిల్ల మాత్రం ఎరికలేదు అన్నాడు. నీకు చిన్నప్పుడు మూడు చక్రాల బండి తయారు చేసి ఇచ్చిన మనిషి, నీ ముక్కు కారుతుంటే తన రుమాలుతో తుడిచిన మనిషి, కంటి రెప్ప కొట్టకుండా అలా అన్నాడు.

అక్కడి నుంచి వాళ్ళు ఎల్లన్న కిరాణా కొట్టుకు పోయారు. ఎల్లన్న సంగతి నీకు తెలుసు కదా, వాడి నోరు ఊరుకోదు. సారలమ్మ ఏది అని అడిగితే, సారలమ్మ తల్లి మేడారంల ఉంటది సారూ, జాతరకు వొయ్యి మొక్కుండ్రి అన్నాడట! డ్రెస్సులో ఉన్నవాడు తమాషాలు చేస్తున్నవా అని కౌంటరు మీద లాఠీతో కొట్టేసరికి ఎల్లన్న చేతిలో తక్కెడ జారి పప్పంతా కింద పడింది. అయినా వాడు మాట మార్చలేదు. నాకు దేవత ఒక్కతే ఎరుక, వేరే సారలమ్మ ఎరికలేదు అన్నాడు. వాళ్ళు పోయాక అరగంట దాకా కొట్టు వెనక గోనె సంచుల మీద కూలబడి, అగ్గిపెట్టె సగం ఖాళీ అయినా బీడీ వెలిగించుకోలేకపోయాడట.

నల్లా దగ్గర ఆడవాళ్ళను కూడా అడిగారు. ఒకామె, ఆ ఇంట్ల తల్లీ కొడుకులే ఉంటరు, ఆడపిల్లే లేదు అంది. అదే నిమిషంలో ఇంకొకామె, ఆ పిల్లకు మహారాష్ట్రల చాందా దిక్కు లగ్గం చేసి పంపిండ్రు అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని బిందెలు ఎత్తుకుని పోయారు. మాట కలుపుకోవడానికి టైము దొరకలేదు పాపం.

నాకు అన్నిటికంటే భయం ఎక్కడ పట్టుకుందంటే, వాళ్ళు గల్లీలోకి రాగానే ఎదురుపడ్డ వాళ్ళను అడుగుతూ పోలేదు, నల్లా దగ్గర అడిగింది తర్వాత. నేరుగా జహంగీర్ చాచా దగ్గరికే వచ్చారు, ఆయన పేరు వాళ్ళకు ముందే తెలుసు. అక్కడి నుంచి నేరుగా ఎల్లన్న దగ్గరికే పోయారు, ఎల్లన్న పేరు కూడా తెలుసు. మనింటికి కష్టం వచ్చినా సుఖం వచ్చినా ముందు నిలబడేది ఆ ఇద్దరే. ఈ సంగతి బయటి వాళ్ళకు ఎలా తెలిసింది? మనవాళ్ళలోనే ఎవరో చెప్పి ఉండాలి కదా. మూడు రోజులుగా గల్లీలో ఎవరి మొహం చూసినా నువ్వేనా చెప్పింది అని అడగాలనిపిస్తోంది. నిన్న పాలాయన రెండు మాటలు ఎక్కువ మాట్లాడితే అతని మీద అరిచాను. తర్వాత సిగ్గనిపించింది.

చివరికి మనింటికి వచ్చారు. నేను లేను, అవ్వ ఒక్కతే ఉంది. ఎదురింటి నుస్రత్ చాచీ తన గుమ్మంలో నిలబడి అంతా చూసింది గానీ మాటలు వినబడలేదట. అవ్వ గడపలో కూలబడి, కొంగు నెత్తి మీదకు లాక్కుని ఏదో చెప్పిందట. ఆ ఫైలు మనిషి రాయడం ఆపాడట. డ్రెస్సులో ఉన్నవాడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడట. మళ్ళీ ఒక్క ప్రశ్న వేయకుండా ఇద్దరూ బండి ఎక్కి వెళ్ళిపోయారు. ఏం చెప్పినవే అవ్వా అని నేను అడిగాను. ఏమో చెప్పిన, పోయిండ్రు కదా, నీకెందుకు అంది. బతిమిలాడాను, కోప్పడ్డాను. అవ్వ లేచిపోయింది. అప్పటికప్పుడు బొక్కెన నీళ్ళు నెత్తిన పోసుకుంది. పొయ్యి వెలిగించలేదు. నేను నీ పేరు ఎత్తితే చాలు, వచ్చి నా నోటి మీద చెయ్యి పెడుతోంది. మేడారం తల్లికి నీ ఎత్తు బెల్లం మొక్కుకున్నానని మాత్రం చెప్పింది. ఎందుకు మొక్కుకుందో చెప్పలేదు.

గల్లీ అంతా ఇలా ఎందుకు నోరు కట్టేసుకుందో నీకు వేరే చెప్పక్కర్లేదు. గట్టయ్య కాక సంగతి జరిగినప్పుడు నువ్వు ఏడో తరగతి. ఆ రోజు ఎవరో మామూలు బట్టల్లో వచ్చి గట్టయ్య ఇల్లు ఏది అని అవ్వనే అడిగారు. చుట్టాలేమో అనుకుని అవ్వ వేలు పెట్టి చూపించింది, అటు పక్క రేకుల ఇల్లు, తలుపు కొట్టుండ్రి అని కూడా చెప్పింది. అడివి నుంచి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టాడని కాకను ఎత్తుకుపోయారు. ఎక్కడుంచారో చాలా రోజులు తెలియలేదు. తిరిగి వచ్చినప్పుడు ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఇప్పటికీ ఎవరైనా గట్టిగా తలుపు కొడితే మంచం కిందకు చూస్తాడు. అప్పటి నుంచే కదా మన గల్లీలో ఎవరు ఎవరిని అడిగినా ఎరికలేదు అనే జవాబు. పోస్టుమన్ కూడా కొత్తవాడైతే వారం రోజులు తిరగాల్సిందే. ఎవరూ కూర్చుని తీర్మానం చేయలేదు, అలా అలవాటైపోయింది.

ఇక నా సంగతి చెబుతాను, తిట్టుకోకు. గురువారం సాయంత్రం తలుపు వేసి నీ రేకు పెట్టె తెరిచాను. వాళ్ళు మళ్ళీ వచ్చి ఇల్లు సోదా చేస్తే ఏం దొరుకుతుందో అని. బట్టల కింద నీ చదువు కాగితాలున్నాయి. ఒక పెద్ద కాగితం విప్పితే నా పై ప్రాణాలు పైనే పోయాయి. డబ్బాలు, డబ్బాల మధ్య గీతలు, ఒక మూల మబ్బు లాంటి బొమ్మ, ఆ మబ్బు నుంచి లోపలి డబ్బాల మీదకు బాణాలు. బాణం పక్కన ఇంగ్లీషులో అటాక్ అని రాసుంది. ఇంకో చోట ఎంట్రీ, ఇంకో చోట గార్డు. అదీ ఎర్ర పెన్నుతో! పిల్లా, ప్రపంచంలో ఇన్ని రంగుల పెన్నులుండగా నీకు ఎర్ర పెన్నే దొరికిందా? ఆ కాగితం పట్టుకుని నేను ఠాణా నక్షా అనుకోవాలా, కంప్యూటర్ల నక్షా అనుకోవాలా? నేను సరే, ఇంటర్ చదివాను. సోదాకు వచ్చినవాడు ఏమనుకుంటాడు?

బొగ్గుల పొయ్యి నేనే వెలిగించి, చేతికి అందినవన్నీ అందులో వేశాను. నీ మార్కుల కాగితాలు, సర్టిఫికెట్లు మాత్రం పక్కన పెట్టాను. కాలుతుంటే చూస్తూ ఏడ్చాను, ఇందులో దాచేదేముంది. నువ్వు రోజుల తరబడి గీసుకున్న గీతలు. పరీక్షకు కావలసినవేనేమో కూడా. కానీ ఆ నిమిషంలో నాకు పొయ్యి తప్ప వేరే దిక్కు కనబడలేదు.

నీ చదువు నాకు అర్థం కాలేదని కాదు. పోయినసారి వచ్చినప్పుడు ఫైర్‌వాల్ అని ఒక మాట అంటే, బాయిలో మంట లేచినప్పుడు మేం కట్టి మూసేసే గోడ అనుకున్నాను. నువ్వు నవ్వి, గోడ కాదన్నా, మీ బాయిల గాలి తలుపులు లేవా, ఒకటి మూసినంకనే ఇంకోటి తెరవాలె, గట్ల ఎవడు పడితే వాడు లోపలికి రాకుండ చూస్తది అన్నావు. పొద్దున షిఫ్టు దిగకముందు సేఫ్టీ ల్యాంపు పట్టుకుని లోపల గ్యాసు ఉందో లేదో చూసి వచ్చే మనిషి లాంటిదే నా పని అన్నావు. అందరికంటే ముందు పోయి, అంతా బాగుందంటేనే మిగతావాళ్ళు పనిలో దిగుతారు అన్నావు. ఆ మాట నేను బాయిలో పది మందికి చెప్పుకున్నాను. మా చెల్లె గసొంటి పని నేర్చుకుంటున్నదని గొప్పలు పోయాను. బీఎడ్ చేసి టీచరు కాకుండా ఈ తీగల చదువేందని మన చుట్టాలంతా నన్ను తిట్టినప్పుడు నీ తరఫున నిలబడింది నేనొక్కడినే. అది మరిచిపోకు.

అందుకే అడుగుతున్నాను, నిజం చెప్పు. నువ్వు నిజంగా కంప్యూటరే నేర్చుకుంటున్నావా? దొంగలు ఎలా చొరబడతారో మాకే నేర్పుతారు, అప్పుడే వాళ్ళను ఆపగలం అని ఒకసారి రాశావు. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ వాక్యమే తలలో తిరుగుతోంది. ఎవరి దగ్గర చేరావు? ఎవరి పాస్‌వర్డ్ అయినా పొరపాటున తీశావా? ఎక్కడైనా దూరకూడని చోట దూరావా? లేకపోతే, రాయడానికి చెయ్యి రావడం లేదు, చదువు పేరు చెప్పి అడివి లోపలికి పోయావా? హాస్టల్లో నీ తోటి పిల్లలు ఎవరు, వాళ్ళది ఏ ఊరు, నాకు ఒక్కరి పేరు కూడా తెలియదని మొన్ననే తెలిసింది. ఏది జరిగినా నువ్వు నా చెల్లెవే. కానీ తెలియక చావడం కంటే తెలిసి భయపడడం మేలు కదా.

నిన్న డ్యూటీలో ఏం చేశానో తెలుసా? గాలి తలుపుల దగ్గర నిలబడి నీ గురించే ఆలోచిస్తూ ఒకటి మూయకుండానే రెండోది తెరిచాను. లోపల బొగ్గు తవ్వే ఫేసులో పనిచేసే వాళ్ళకు గాలి తగ్గిపోయి కేకలు వేశారు. షిఫ్టు చూసుకునే ఓవర్‌మేన్ పరుగెత్తుకొచ్చి, పానం మీద ఆశ లేదారా, నీ ఒక్కనిదైతే నీ ఇష్టం, ఇంతమందిని సంపుతవా అని చెంప మీద కొట్టినంత పని చేశాడు. పదేళ్ళ సర్వీసులో నేను ఒక్క మాట పడలేదు. ఏమైంది మొగిలీ అని తర్వాత నెమ్మదిగా అడిగాడు. ఏం లేదు సార్, కడుపు నొప్పి అన్నాను.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఇదే. ముష్తాక్ లారీ సరుకు దించుకుని అక్కడి నుంచి భివండికి పోతుంది. నువ్వు బట్టలు సర్దుకుని అదే లారీలో కూర్చో. అతను నిన్ను సొంత చెల్లెలా చూసుకుంటాడు, చాచా ఖురాన్ మీద ప్రమాణం చేయించాడు. భివండిలో సారవ్వ పెద్దమ్మ ఉంది, మగ్గాల పని. ఆమె దగ్గర నేను రమ్మనేదాకా ఉండు. ఇన్‌స్టిట్యూట్‌లో ఎవరికీ చెప్పకు. చదువు పోతే పోనీ, పరీక్ష పోతే పోనీ. అందరి మీదా గెలిచి నిన్ను అక్కడికి పంపింది నేను, వదిలేసి పొమ్మంటున్నది కూడా నేనే. కానీ కాక లాగా నువ్వు కాలు ఈడ్చుకుంటూ రావడం నేను చూడలేను. అసలు రాకపోవడం అంతకంటే చూడలేను.

అవ్వ నీకు ఏమైనా చెప్పమంటుందేమో అని ఇప్పుడే అడిగాను. తల అడ్డంగా ఊపి గోడ వైపు తిరిగి పడుకుంది.

జాగ్రత్త తల్లీ. ఎవరు పేరు అడిగినా చెప్పకు.

నీ క్షేమం కోరే అన్న,
మొగిలి.

తా.క. 13-9-98, ఆదివారం సాయంత్రం.

చెల్లె, పైన రాసిందంతా తప్పు. చింపి కొత్తగా రాద్దామంటే ముష్తాక్ లారీ స్టార్టు చేసి నిలబడ్డాడు. ఊపిరి బిగబట్టి ఇది చదువు.

పొద్దున హోంగార్డు బిక్షం బండి పంక్చరై జహంగీర్ చాచా షాపుకొచ్చాడు. వేరే పోలీసు అయితే చాచా నోరు విప్పేవాడు కాదు, బిక్షం మన నల్లా దగ్గర ఆడుకున్నవాడే కదా. ట్యూబు విప్పుతుంటే బిక్షం అన్నాడట: ఏం గల్లీ చాచా మీది, గా పిల్ల ఏదో పెద్ద బ్యాంకుల కంప్యూటర్ల కాపలా నౌకరీకి సెలక్టు అయిందట, అన్ని బ్రాంచీల తీగలు గా గదిలకే వస్తయట, గంత నమ్మకం పని ఇచ్చే ముందర పిల్ల మంచిదేనా అని బ్యాంకోళ్ళు మమ్ముల అడిగిండ్రు. అవును మంచిది అని ఒక్క మాట చెప్తే అయిపోయేది. తనను ఎరిగిన ఇద్దరి పేర్లు ఇయ్యిమంటే గా పిల్ల నీ పేరూ ఎల్లన్న పేరూ ఇచ్చింది. మీ ఇద్దరే ఎరికలేదంటిరి.

విన్నావా? మన పేర్లు వాళ్ళకు చెప్పిన ద్రోహి ఎవరా అని నేను మూడు రోజులు పాలాయన్ను కూడా అనుమానించాను. చెప్పింది నువ్వు! నాకు ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఏం పోయేది? నౌకరీ కాగితం చేతికొచ్చాక చెబుదామనుకున్నావు కదూ. పోలీసోళ్ళు వస్తరన్నా, చాయ్ పోసి మంచిగ మాట్లాడుండ్రి అని ఒక కార్డు రాయలేకపోయావా? చాచా పానా కింద పడేసి మనింటికి పరుగెత్తుకొచ్చాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

అప్పుడు అవ్వ లేచి కూర్చుంది. నౌకరీనా, నా బిడ్డకు నౌకరీనా అని నాలుగైదుసార్లు అడిగింది. తర్వాత రెండు చేతులతో నోరు కొట్టుకోవడం మొదలుపెట్టింది. చేతులు పట్టుకుని ఆపితే అప్పుడు చెప్పింది. కొడుకా, నా బిడ్డ సచ్చిపోయిందని చెప్పిన. సచ్చినోళ్ళ కోసం ఎవ్వలూ రారు కదా అని నా నోటితోని నేనే అన్న. గట్టయ్య ఇల్లు నేనే సూపెడితి, నా బిడ్డను గూడ నేనే సూపెట్టాల్నా అనుకున్న. జరమొచ్చి సచ్చిపోయింది సారూ అంటే ఆళ్ళు టోపీ తీసిండ్రు.

అందుకే నెత్తిన నీళ్ళు పోసుకుంది. అందుకే అన్నం మానేసింది. అన్న మాట తగులుతుందేమో, నీకు నిజంగానే ఏదైనా అవుతుందేమో అని మూడు రోజులుగా లోలోపల వణుకుతోందట.

ఠాణాకు పోయాం. నేను పోయానని నాకే నమ్మకం కలగడం లేదు. అవ్వ, నేను, జహంగీర్ చాచా, ఎల్లన్న, నల్లా దగ్గర ఆడవాళ్ళిద్దరూ, చివరికి గట్టయ్య కాక. కాక గేటు దాకా వచ్చి లోపలికి అడుగు వేయలేక మొరం మీద కూర్చుండిపోయాడు. అక్కడి నుంచే, మా అన్న బిడ్డ బతికే ఉన్నది సారూ, ఆమె సదువుకునే పిల్ల అని గట్టిగా అరిచాడు. ఎస్సైకి కోపం వచ్చింది. వస్తుంది మరి. మొన్న ఎరికలేదంటిరి, లగ్గమైందంటిరి, సచ్చిపోయిందంటిరి, ఇయ్యాల బతికున్నదంటున్నరు, రేపు ఏమంటరు, మీ మాట మీద నేను సంతకం ఎట్ల పెట్టాలె అన్నాడు. మనిషి చనిపోయింది అని రాసిన కాగితం టేబుల్ మీదే ఉంది. మంగళవారం పొద్దున తపాలాలో పోతుందట. అది బ్యాంకుకు చేరితే నీ కథ అక్కడితో సరి. అవ్వ ఆయన కాళ్ళ మీద పడబోతే ఆపి, సోమవారం సాయంత్రం లోపల పిల్లను నా ముంగట నిలబెట్టుండ్రి, కళ్ళతోని చూసి అప్పుడు రాస్త అన్నాడు.

నిన్ను రప్పించడానికి ఇది ఎర అయితే? ఈ ఆలోచన నాకు రాలేదనుకోకు. ఠాణాలో నిలబడి అదే ఆలోచించాను. బ్యాంకు నుంచి వచ్చిన కాగితం చూపించమని అడిగాను. చూపించాడు. నీ ఫోటో ఉంది, జడ ముందుకు వేసుకున్నది. కింద నీ సంతకం. నీ చేతి రాత నాకు తెలియదా? అయినా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. ఇన్‌స్టిట్యూట్‌కు ఎస్టీడీ బూత్ నుంచి చేసి చూశాను, ఆదివారం, ఎవరూ ఎత్తలేదు. నీ హాస్టల్లో ఫోను లేదు. ఇక ఈ ఉత్తరమే దిక్కు.

భివండి వద్దు. ముష్తాక్ ఇది ఇవ్వగానే, బట్టలు కూడా సర్దుకోకుండా, దొరికిన మొదటి బస్సు ఎక్కు. బస్టాండులో నేనుంటాను. అవ్వ కూడా వస్తానంటోంది. మూడు రోజులు తిననిది ఇప్పుడు రెండు ముద్దలు తిని, మూడో ముద్ద కలిపి, నువ్వు వచ్చాక తింటానని గిన్నె మూత పెట్టింది. కాల్చిన కాగితాల సంగతి వచ్చాక తిట్టు, పడతాను.

ఠాణాలో నువ్వే చెప్పాలి. నేను సారలమ్మను, ఆగయ్య బిడ్డను అని నీ నోటితో నువ్వే చెప్పాలి, మా మాట ఇక వాళ్ళు వినరు. తల దించుకోకుండా చెప్పు. నాకు ఇంకా భయంగానే ఉంది చెల్లె. అయినా రా.